గీజర్ లోపల గాజు పూతా, స్టీలా? బోరు నీళ్లకి ఏది ఆగుతుంది?

మియాపూర్_మధ్యతరగతి

మా అపార్ట్‌మెంట్‌లో ఏడాదిలో ఎక్కువ కాలం బోరు నీళ్లే. ఎండాకాలం ట్యాంకర్, మధ్యమధ్యలో మంజీరా. పోయిన వారం 25 లీటర్ల గీజర్ కింది నుంచి ఎర్ర నీళ్లు కారి గోడంతా చారలు పడ్డాయి. మెకానిక్ విప్పి చూసి, "లోపల గ్లాస్ లైనింగ్ పోయింది సార్, ట్యాంకుకి చిల్లు. అతుకు వేసినా నిలవదు" అన్నాడు. కొని అయిదేళ్లు కూడా కాలేదు.

కొత్తది కొందామని వెళ్తే ఒక షాపాయన "గాజు పూత సార్, జర్మన్ టెక్నాలజీ, జన్మలో తుప్పు పట్టదు" అన్నాడు. పక్క షాపాయన "ఇనుము మీద గాజు ఎన్నాళ్లుంటుంది సార్, స్టీల్ తీసుకోండి" అన్నాడు. ఇద్దరిదీ అమ్ముకునే గొడవే. వాడినవాళ్లు చెప్పండి. మా బోరు నీళ్లకి టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు చూపించేది) 1100 చూపిస్తోంది.

నిర్వాహకుడు

చర్చ జరగనివ్వండి. మీ ఇంట్లో పాడైన గీజర్ ఏ కంపెనీదో మాత్రం రాయకండి. పోయినసారి ఆ గొడవతోనే చర్చ మూసేయాల్సి వచ్చింది.

స్టీలే_శరణ్యం

స్టీల్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. విజయవాడలో మా ఇంట్లో స్టీల్ ట్యాంకు గీజర్ పదకొండేళ్లుగా నడుస్తోంది, ఇంతవరకు పానా కూడా తగల్లేదు.

చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఎనామిల్ గిన్నెలుండేవి, అదే ఇనుము మీద గాజు పూత వేసినవి. తెల్లగా, అంచుకి నీలం గీతతో భలే ఉండేవి. ఒక్కసారి చెయ్యి జారితే పెచ్చు లేచి నల్ల మచ్చ. ఏడాది తిరిగేసరికి ఆ మచ్చ దగ్గరే చిల్లు. గీజర్ లోపలున్నదీ ఆ గిన్నే కదా. గిన్నె అయితే పెచ్చు లేచిన సంగతి కంటికి కనిపిస్తుంది, గీజర్‌లో అదీ లేదు.

పాత_ఫర్నేస్

ఇరవై ఏళ్లకు పైగా ఎనామిల్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త ఓపిక పట్టి చదవండి.

ముందు 'పూత' అనే మాట దగ్గరే తేడా వస్తోంది. పెయింట్ రేకు మీద ఆరుతుంది, అంతే. ఎనామిల్ రేకుతో కలిసి కాలుతుంది. గాజు ముడిసరుకుల్ని కరిగించి, ఆ కరిగినదాన్ని నీళ్లలో పోస్తే పెళపెళా పగిలి పలుకులవుతుంది. దాన్నే ఫ్రిట్ అంటాం. బాల్ మిల్లులో మట్టీ నీళ్లూ కలిపి నూరి, దోసెల పిండిలాగా చేసి, శుభ్రం చేసిన రేకు మీద పోసి, ఆరాక 800 నుంచి 850 డిగ్రీల కొలిమిలో కొద్ది నిమిషాలు ఉంచుతాం. మొదటి పూతలో కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లు ఉంటాయి. ఇనుముకీ గాజుకీ పట్టు కుదిర్చేవి అవే. ఆ పట్టు లేకపోతే చల్లారేలోపే రాలిపోతుంది.

చల్లారేటప్పుడు ఇనుము గాజుకన్నా కాస్త ఎక్కువ ముడుచుకునేలా చూసుకుంటాం. అప్పుడు గాజు నొక్కుడులో ఉండిపోతుంది. గాజుని నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితేనే పగులుతుంది. ఎనామిల్ గుట్టంతా అక్కడే ఉంది.

ఇందులో ఏడిపించేవీ ఉన్నాయి. రేకులో చిక్కుకున్న హైడ్రోజన్ కొన్నిసార్లు మర్నాటికి గానీ బయటికి రాదు. సాయంత్రం అద్దంలా మెరిసిన సరుకు పొద్దున షెడ్డులోకి వెళ్లేసరికి టిక్ టిక్ మని పెచ్చులు ఎగరేస్తుంటుంది, అచ్చం చేప పొలుసుల్లా. ఫిష్ స్కేల్ అంటాం. అందుకే ఎనామిల్‌కి ఏ రేకు పడితే ఆ రేకు పనికిరాదు, కార్బన్ బాగా తక్కువున్నది కావాలి.

ఇక అమ్మమ్మ గారి గిన్నె. దాన్ని కింద పడేశారు కాబట్టి పెచ్చు లేచింది. గోడకి తగిలించిన ట్యాంకుని ఎవరు పడేస్తారు? పైగా గిన్నెకి లేనిది ట్యాంకుకి ఒకటుంది, మెగ్నీషియం రాడ్. మధ్యతరగతి గారూ, మీ గీజర్ రాడ్ ఎప్పుడు మార్పించారు?

మియాపూర్_మధ్యతరగతి

ఏ రాడ్డండీ? నీళ్లు కాచే కాయిలా?

పాత_ఫర్నేస్

కాయిల్ కాదు బాబూ. జవాబు తెలిసిపోయింది.

ట్యాంకు లోపల ఎంత జాగ్రత్తగా కాల్చినా ఎక్కడో సూదిబెజ్జాలు ఉంటాయి. పైపులు బిగించే మరల దగ్గర అయితే గాజు ఉండనే ఉండదు. అక్కడ నీళ్లు నేరుగా ఇనుముని తాకుతాయి. అందుకని మెగ్నీషియం కడ్డీ ఒకటి ట్యాంకు లోపలికి దించుతారు. ఇనుముకన్నా అది చాలా తొందరగా ఎలక్ట్రాన్లు వదులుతుంది కాబట్టి ముందు అదే కరుగుతుంది. అది ఉన్నంతకాలం ఇనుము జోలికి తుప్పు రాదు. అయిపోయిన రోజు నుంచి తుప్పుకి సూదిబెజ్జం చాలు. ఎనామిల్ ఎంత బాగుంటే రాడ్ అంత నిదానంగా అరుగుతుంది. రెండూ కలిస్తేనే ఆ ట్యాంకు.

మీ 1100 టీడీఎస్ నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, రాడ్ గబగబా కరుగుతుంది. అయిదేళ్లపాటు ఉండే ప్రశ్నే లేదు.

పానా_సుత్తి

గురువు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే నా వైపు నుంచి రెండు ముక్కలు. నేను ఈ పనే చేస్తా, రోజుకి మూడు నాలుగు గీజర్లు విప్పుతా.

ఒకటి, "గోడకి తగిలించింది ఎవరు పడేస్తారు" అన్నారు. గోడెక్కే ముందే పడేస్తారు సార్. గోడౌన్లో, ఆటో ట్రాలీలో, మెట్ల మీద. బయట చిన్న సొట్ట ఉన్నా లోపల గాజు పగిలి ఉండొచ్చు. డెలివరీ తీసుకునేటప్పుడు ఎవరూ చూడరు.

రెండు, సేఫ్టీ వాల్వ్. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి కదా, అందుకే వాల్వ్ నుంచి అప్పుడప్పుడు చుక్కలు పడతాయి, పడాలి కూడా. చుక్క కారుతోందని గొడవ పెడితే కొందరు ప్లంబర్లు దానికి ప్లగ్ బిగించేస్తారు. తర్వాత ప్రెషర్ అంతా ట్యాంకు మీదే. అసలే కింది అంతస్తు వాళ్లకి మేడ మీది ట్యాంకు నుంచి ప్రతి పది మీటర్ల ఎత్తుకీ ఒక బార్ ప్రెషర్ చొప్పున లెక్క. రేకు ఉబ్బి ముడుచుకుంటే గాజు సాగదుగా, వెంట్రుకవాసి చీలికలు వస్తాయి. ట్యాంకు సంగతి అటుంచండి, ప్లగ్ వేసిన గీజర్ బాంబుతో సమానం. మీ ఇంట్లో ఉంటే ఈ రోజే తీయించండి.

స్టీలే_శరణ్యం

చూశారా, మీరే నా పని తేలిక చేశారు. పడకూడదు, ఉబ్బకూడదు, రాడ్ మార్చాలి. మన ఇళ్లలో గీజర్ గుర్తొచ్చేది చలికాలం మొదటి రోజు, లేకపోతే పాడైన రోజు. ఎవరూ చేయని మెయింటెనెన్స్ మీద ఆధారపడిన వస్తువుని మంచి వస్తువని ఎలా అంటారు?

కాకినాడ_ఉప్పుగాలి

స్టీల్ అన్నయ్యకి నమస్కారం. మాది కాకినాడ. మా ఇంట్లో స్టీల్ ట్యాంకే ఉండేది. నాలుగో ఏడు కుట్టు దగ్గర, అదే వెల్డింగ్ గీత వెంబడి, సన్నటి పగులు. తుప్పు లేదు, ఎర్ర నీళ్లు లేవు. ఒకరోజు చూస్తే కింద మడుగు. 'తుప్పు పట్టని స్టీల్' అని కొనుక్కున్నాం పాపం.

పాత_ఫర్నేస్

కాకినాడ గారిది నూరుపాళ్లు క్లోరైడ్ పనిలా ఉంది. మామూలుగా ట్యాంకులకి వాడేది 304 రకం, దాదాపు 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్. పైన కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని చుక్కచుక్కగా పొడుస్తుంది. వెల్డింగ్ వల్ల లోహంలో లాగుడు మిగిలిపోయి, నీళ్లు 60 డిగ్రీలు దాటితే పగుళ్లు కూడా వస్తాయి. చల్లనీళ్లలో లీటరుకి 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకా 304 ఓర్చుకుంటుందని మాకో మోటు లెక్క, వేడినీళ్లలో ఇంకా తగ్గించుకోవాలి. 316 మేలు, అందులో 2, 3 పాళ్లు మాలిబ్డినం ఉంటుంది. కానీ ధర చూసి వెనక్కి వస్తారు.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్లోరైడ్‌ని 250 దాకా మంచిదంటుంది, వేరే నీళ్లు దొరకని చోట 1000 దాకా ఒప్పుకుంటుంది. అంటే మనం తాగడానికి పర్వాలేదన్న నీళ్లు కూడా 304కి పడకపోవచ్చు. విజయవాడ గారి పదకొండేళ్లు స్టీల్ గొప్పా, కృష్ణమ్మ గొప్పా?

స్టీలే_శరణ్యం

కృష్ణా నీళ్లేనండీ, ఒప్పుకుంటున్నా. అయినా మీ గాజుకి మాత్రం వేడినీళ్లంటే పడవా? వేడినీళ్లలో గాజు కూడా కరుగుతుందని ఎక్కడో చదివా.

పాత_ఫర్నేస్

కరుగుతుంది, దాచిపెట్టను. బాగా నిదానంగా. వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, క్షారం ఎక్కువున్న నీళ్లలో మరీను. అందుకే ట్యాంకులకి వాడే ఎనామిల్‌లో జిర్కోనియా కలుపుతారు. థర్మోస్టాట్ 75 మీద పెట్టి చన్నీళ్లు కలుపుకునే బదులు 55, 60 మధ్య పెట్టుకుంటే గాజుకీ మంచిది, స్టీల్‌కీ మంచిది, కరెంటు బిల్లుకీ మంచిది.

నల్లగొండ_నీళ్లు

ఒక అనుమానం సార్. ఫ్లోరైడ్ గాజుని తినేస్తుందని ఇంటర్ కెమిస్ట్రీలో చదివాం. మా నీళ్లల్ల ఉన్నదే ఫ్లోరైడ్. మరి మా గీజర్ల గతేంది?

పాత_ఫర్నేస్

మంచి ప్రశ్న తమ్ముడూ. గాజుని తినేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. మీ బావుల్లో ఉన్నది ఆమ్లం లేని నీళ్లలో కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. లీటరుకి 1.5 దాటితే ఎముకలకీ పళ్లకీ ముప్పు కాబట్టి తాగే నీళ్ల విషయంలో అంత భయం, అది న్యాయమైన భయమే. గీజర్ గాజు దానికి బెదరదు.

డాలస్_నుంచి

ఇక్కడ అమెరికాలో ఇళ్లలో ఉండే వాటర్ హీటర్లలో ఎక్కువ భాగం గాజు లైనింగువే. 1930లలో ఏ.ఓ. స్మిత్ కంపెనీ మొదలుపెట్టింది. అంతకుముందు వాళ్లు బీరు నిల్వ చేసే ట్యాంకులకి గాజు వేసేవాళ్లట. బీరు దయ వల్ల మనకి వేడినీళ్లన్నమాట.

మా ఇంటి అనుభవం నుంచి రెండు సంగతులు. సాఫ్ట్‌నర్ పెట్టించుకున్నాం కాబట్టి రాడ్‌తో పని లేదనుకోకండి. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం పెడుతుంది, టీడీఎస్ తగ్గదు. మా రాడ్ సాఫ్ట్‌నర్ వచ్చాకే ఇంకా తొందరగా కరిగింది. రెండోది, వేడినీళ్లు కోడిగుడ్డు కుళ్లిన వాసన వేస్తే అది ట్యాంకు పాడైనట్టు కాదు. నీళ్లలోని ఒక రకం బ్యాక్టీరియా, మెగ్నీషియం రాడ్ కలిసి చేసే పని. రాడ్ పీకి పారేయకండి, అల్యూమినియం, జింక్ కలిసిన రాడ్ వేయించండి.

అత్తగారి_గీజర్

సాఫ్ట్‌నర్ మాట వింటుంటే నాకు వణుకు పుడుతోందండీ, మా సొసైటీలో దాని కోసం చందాలు వసూలు చేస్తున్నారు! సున్నం పేరుకోదన్న లాభం ఉందిగా? ఇంకోటి, మా మెకానిక్ ఏటా బాత్రూమ్ యాసిడ్ పోసి ట్యాంకు కడుగుతాడు. మంచిదేనా?

పానా_సుత్తి

వద్దక్కా, వద్దు. అది హైడ్రోక్లోరిక్, అందులో ఉన్నదే క్లోరైడ్. స్టీల్ ట్యాంకుని ఒక్క దెబ్బకి పొడిచేస్తుంది. గాజుని ఏమీ చేయదు గానీ మరల దగ్గర, సూదిబెజ్జాల దగ్గర బయటపడ్డ ఇనుముని తినేస్తుంది. కాయిల్ బయటికి తీసి నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టి, ట్యాంకులో పెచ్చులు చేత్తో తీసి, మామూలు నీళ్లతో రెండుసార్లు కడిగితే చాలు. ఎంసీబీ ఆపకుండా మాత్రం మూత ముట్టుకోకండి. సాఫ్ట్‌నర్‌తో కాయిల్‌కి లాభమే, చందా ఇవ్వండి.

మియాపూర్_మధ్యతరగతి

పాత_ఫర్నేస్ గారి మాట మీద నీళ్లు ల్యాబ్‌లో ఇచ్చా. క్లోరైడ్ 310 వచ్చింది. దాంతో 304 స్టీల్ ఆశ వదిలేశా.

తర్వాత పాత గీజర్ పట్టుకెళ్లిన పాత ఇనుప సామాను ఆయన దగ్గరికి వెళ్లి, ట్యాంకు కోయించి చూశా. ఫొటోలు పెట్టడం రావట్లేదు, రాస్తున్నా. లోపల నీలిరంగు గాజు ముప్పాతిక భాగం ఇంకా నిగనిగలాడుతోంది. గోరు పెట్టి గీకినా రాలేదు. చిల్లు పడింది ఒకే ఒక్కచోట, కింద చన్నీళ్ల పైపు మర పక్కన. రాడ్ ఉండాల్సిన చోట ఏముందో తెలుసా? సైకిల్ పుల్లంత తీగ, దాని మీద రెండు తెల్లటి గడ్డలు. ఆ పాత ఇనుప ఆయనే, "నా దగ్గరికొచ్చేవాటిలో ఎక్కువ ఇట్లాగే ఉంటాయి సార్" అన్నాడు.

వారంటీ కార్డు తీసి చదివా. ఆరో పాయింటులో చీమల్లాంటి అక్షరాల్లో 'ఆనోడ్ ఏటా తనిఖీ చేయించవలెను' అని ఉంది. ఆనోడ్ అంటే ఆ రాడ్డే. అమ్మినాయన నోటి వెంట ఆ మాట రాలేదు.

స్టీలే_శరణ్యం

అదే నేను మొదట్నుంచీ చెప్తోంది. గాజు గెలిచింది, గీజర్ ఓడిపోయింది. కొన్నవాడికి చెప్పకపోతే ఆ రాడ్ ఉన్నా లేనట్టే. మీ 310 క్లోరైడ్‌కి నా స్టీల్ పనికిరాదని ఒప్పుకుంటా. నది నీళ్లు వచ్చే ఊళ్లలో మాత్రం ఏటా విప్పే పని లేని స్టీలే మేలంటా, ఈ మాట మార్చను.

పాత_ఫర్నేస్

నది నీళ్లయితే నేనూ పెద్దగా వాదించను. కాకపోతే ట్యాంకర్ వచ్చిన ఏడు మీ నది కూడా బోరే అవుతుంది, గుర్తుంచుకోండి.

మియాపూర్_మధ్యతరగతి

గాజుదే కొన్నా. అట్టపెట్టె అక్కడే విప్పించి సొట్టలు చూసుకున్నా, షాపాయన నన్ను అదోలా చూశాడు. పానా_సుత్తి గారు చెప్పినట్టు వాల్వ్‌కి ప్లగ్ బదులు చిన్న గొట్టం పెట్టించి డ్రెయిన్‌లోకి వదిలా. రాడ్ చూడాల్సిన తేదీ స్కెచ్ పెన్నుతో గీజర్ ఒంటి మీదే రాశా. బాత్రూమ్ అందం చెడిందని ఇంట్లో చిన్న గొడవ. స్టీలే_శరణ్యం గారూ, అయిదేళ్ల తర్వాత ఇదే చర్చలోకి వచ్చి నవ్వండి.

స్టీలే_శరణ్యం

అయిదేళ్లెందుకు, ఆ తేదీకే వస్తా. మార్చారో లేదో చూడాలిగా.