సన్నాయి విద్వాంసులైన మా తాతగారి గురించి ఏమి రాయాలి?

ప్రశ్న: ఒంగోలు దగ్గరి మా ఊళ్లో పెళ్లికైనా, స్వామివారి ఊరేగింపుకైనా సన్నాయి పట్టిన మా తాతగారు పోయిన వారం కాలం చేశారు. చివరి రోజుల్లో ఊపిరి చాలకపోయినా, పీకను తడిపి పెదవులకు ఆనించి, కాసేపు మోహన రాగం పలికించనిదే పడుకునేవారు కారు. పెద్దకర్మ నాటి సంస్మరణ సభలో చదవడానికి ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1: ఆయన ఏ గురువు దగ్గర నేర్చుకున్నారో, డోలు మీద ఎవరు జతగా ఉండేవారో ముందు రాయండి, మేళగాళ్ల జీవితమంతా ఆ జతలోనే ఉంటుంది. ఈ వాద్యంలో మన జిల్లాది పెద్ద పేరు. 1924లో కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి పురస్కారం అందుకున్నారు. మీ తాతగారు ఆయన కచేరీ విన్నారేమో ఇంట్లో పెద్దలను అడగండి.

జవాబు 2: మా పెళ్లికి వాయించింది మీ తాతగారే, బాబూ. పురోహితుడు గట్టిమేళం అనకముందే, మంగళసూత్రం చేతిలోకి రావడం చూసి, డోలు వైపు కనుబొమ ఎగరేసి అందుకున్నారు. ఇది తప్పక రాయండి.

ప్రశ్న అడిగినవారు: రాస్తానండీ. గురువుగారి పేరు నాయనమ్మకు తెలుసు. ఈ రాత్రే అడుగుతాను.