రెండు సరస్సులు, పైన రిడ్జ్: ఒక్క రోజులో అయ్యే పనేనా?

మధ్యరకం_నడక (ప్రశ్న)

అందరికీ నమస్తే. వచ్చే శనివారం ఫ్రెండ్స్ ఐదుగురం ఒక్కరోజు ట్రెక్‌కి వెళ్దామనుకుంటున్నాం. దారి మొదలయ్యే చోటు ఎత్తు 2,100 మీటర్లు, మొదటి సరస్సు 2,500 దగ్గర, రెండోది 2,700 దగ్గర, దాని వెనక గోడలా నిలబడి ఉన్న రిడ్జ్ (కొండ పైన పొడుగ్గా సాగే అంచు) 3,000. రిడ్జ్ మీద కొంతదూరం నడిచి, అవతలి పక్క నుంచి దిగి మళ్లీ మొదలెట్టిన చోటికే రావచ్చు. మొత్తం చుట్టు 14 కిలోమీటర్లు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, మాలో ఇద్దరు రోజూ పరిగెత్తేవాళ్లు. "పద్నాలుగేగా, మూడు గంటల పని, తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరదాం" అంటున్నారు. ఇంకొకడికి రెండంతస్తుల మెట్లెక్కితేనే ఆయాసం, వాడు మాత్రం సరస్సు చూపిస్తే చాలు రిడ్జ్ మీకే వదిలేస్తా అంటున్నాడు. అసలు తొమ్మిదికి బయల్దేరితే అవుతుందా? షూస్ కొత్తవి కొనాలా? సరస్సులో ఈత కొట్టొచ్చా? వేసవే కాబట్టి స్వెటర్లూ జాకెట్లూ మోయక్కర్లేదు కదా?

నెమ్మదిగా_ఎక్కేవాణ్ణి

మీ పరుగు ఫ్రెండ్స్ కిలోమీటర్లే లెక్కేశారు, ఎత్తు మర్చిపోయారు. కొండ మీద టైమ్ తినేది ఎత్తే.

నైస్మిత్ అని స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక మోటు లెక్క చెప్పాడు, ఇప్పటికీ అందరూ దాంతోనే మొదలెడతారు. ప్రతి 5 కిలోమీటర్లకీ ఒక గంట, దానిమీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. మీకు 14 కిలోమీటర్లకి 2 గంటల 48 నిమిషాలు, 900 మీటర్ల ఎక్కుడుకి గంటన్నర, కలిపితే 4 గంటల 18 నిమిషాలు. ఇదేమో అలవాటున్నవాళ్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే. మీ ఐదుగురి గుంపుకి దానికి సగం కలపండి, ఆరున్నర గంటలు అవుతుంది. సరస్సుల దగ్గర కూర్చోవడం, ఫొటోలు, తిండి, ఒకడి లేసు ఊడితే మిగతా నలుగురూ నిలబడటం, ఇవన్నీ ఇంకో రెండు గంటలు వేసుకోండి. ఎనిమిదిన్నర.

తొమ్మిదికి బయల్దేరితే చీకటి పడేలోపు తిరిగి వస్తారు, దానికేం ఢోకా లేదు. కానీ రిడ్జ్ మీదకి చేరేసరికి మధ్యాహ్నం రెండు అవుతుంది. వేసవిలో కొండల మీద అదే చెడ్డ టైమ్. పొద్దుటి నుంచీ ఎండకి వాలు వేడెక్కి, ఆ వేడిగాలి పైకి లేచి, పన్నెండు దాటాక మబ్బు కట్టడం మొదలవుతుంది. కింద నుంచి చూస్తే ఆకాశం నీలంగానే ఉంటుంది, అవతలి పక్క ఏం తయారవుతోందో రిడ్జ్ ఎక్కితే గానీ కనపడదు. అందుకే ఆరుకి బయల్దేరండి. పదకొండు లోపు పైన ఉంటారు.

ఇంకొకటి, వెనక్కి తిరిగే టైమ్ ఇంట్లోనే ఖాయం చేసుకోండి. "పదకొండున్నరకి రిడ్జ్ మీద లేకపోతే రెండో సరస్సు నుంచే వెనక్కి" అని అందరూ ఒప్పుకున్నాకే బండి ఎక్కండి. అక్కడికి వెళ్లాక తేల్చుకుందాం అంటే తేలదు, శిఖరం కళ్లముందు కనపడుతుంటే ఎవడి మాటా ఎవడూ వినడు.

మబ్బులంటే_భయం

పైన చెప్పిన మబ్బుల విషయం తేలిగ్గా తీసుకోకండి. మేం నలుగురం ఒకసారి మధ్యాహ్నం ఒంటిగంటకి రిడ్జ్ మీద ఉన్నాం, ఇంకో పావుగంట నడిస్తే చివరి గుట్ట. వాన లేదు, ఉరుము కూడా వినపడలేదు. నా ముందు నడుస్తున్నవాడి బ్యాగ్ పక్కన కట్టిన ఊతకర్ర మొనలోంచి సన్నగా జుయ్యిమని మోత, తుమ్మెదేమో అనుకున్నా. వాడు టోపీ తీసేసరికి జుట్టు నిక్కబొడుచుకుని నిలబడింది. చూసి నవ్వాం కూడా. మాలో ఒక్కడికి మాత్రం అదేంటో తెలుసు, "దిగండ్రా" అని ఒక్క కేక వేసి రాళ్లమీద పడి జారుకుంటూ వెళ్లిపోయాడు. మేం వంద మీటర్లు కిందికొచ్చాక పైన పడింది పిడుగు. ఆ చప్పుడు చెవులతో కాదు, ఛాతీతో విన్నాను.

మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. 30 లోపు వినపడిందంటే అది 10 కిలోమీటర్ల లోపలే ఉంది, అప్పటికే దిగిపోతూ ఉండాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి వెళ్లొద్దు. దిగేటప్పుడు ఒకరికొకరు దూరంగా ఉండండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి, కొండ అంచున రాయి చూరులా ఉంటే దాని కింద దూరకండి.

జాకెట్లు మోయాల్సిందే. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, మీకు రిడ్జ్ మీద కింది కంటే ఆరు డిగ్రీలు చల్లగా ఉంటుంది, గాలి సంగతి వేరే. చెమటకి తడిసిన కాటన్ టీషర్ట్ ఆ గాలికి ఒంటికి అతుక్కుంటే వేసవిలోనూ పళ్లు టకటకలాడతాయి.

చల్లనీళ్ల_మనిషి

మనోళ్లు బాగానే భయపెట్టేశారు, కాస్త సరస్సు గురించి కూడా మాట్లాడుకుందాం బ్రో, అసలు వెళ్లేది దానికోసమేగా 😀

ఈత కొట్టొచ్చు, కానీ దూకొద్దు. పైన ఇంకా మంచు మచ్చలు కనపడుతున్నాయంటే ఆ నీళ్లు కరిగిన మంచే. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా దిగితే మనకి తెలియకుండానే గట్టిగా ఊపిరి పీల్చేస్తాం, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే పీల్చేది నీళ్లే. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా మునిగేది ఇలాగే. ఒడ్డు నుంచి నెమ్మదిగా నడుము దాకా దిగి, ఒకటి రెండు నిమిషాలు ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. నేనైతే మోకాళ్ల దాకా కాళ్లు ముంచి కూర్చుంటా. పది అంకెలు లెక్కపెట్టేలోపు పాదాలు జివ్వుమని నొప్పెడతాయి, తర్వాత ఏమీ తెలీదు, బయటికి తీశాక మాత్రం కొత్త కాళ్లు వచ్చినట్టు ఉంటుంది.

ఆ నీళ్లు అద్దంలా ఉన్నాయని తాగేయకండి. పైన మేసే జంతువులుంటాయి, జియార్డియా లాంటి కడుపు పాడుచేసే క్రిములు కంటికి కనపడవు. ఫిల్టర్ వాడండి, లేదా మరిగించండి. 2,000 మీటర్లు దాటాక తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచాలి, ఎందుకంటే 2,700 దగ్గర నీళ్లు 91 డిగ్రీలకే మరిగిపోతాయి.

షూస్ కొత్తవి కొన్నా సరే, శనివారం మొదటిసారి వేసుకోకండి. అరిగిపోని అడుగున్న పాత స్పోర్ట్స్ షూస్ వంద రెట్లు నయం. మడమ దగ్గర కాస్త వేడిగా అనిపించిన క్షణమే ఆగి టేప్ అంటించండి, "తర్వాత చూద్దాం" అంటే బొబ్బే.

నెమ్మదిగా_ఎక్కేవాణ్ణి

షూస్ దగ్గర ఒప్పుకోను. రిడ్జ్ మీద వదులు రాళ్లుంటాయి, చీలమండ దాకా పట్టుండే బూట్లే మంచివి. సరే, ఇది ఎప్పటికీ తెగని గొడవ.

మీ ఆయాసం ఫ్రెండ్‌ని అందరికంటే ముందు నడవనివ్వండి. వెనక ఉంచితే ఏమవుతుందంటే, పరుగువాళ్లు ముందెళ్లి ఆగి రెస్ట్ తీసుకుంటారు, వాడు రొప్పుకుంటూ వచ్చేసరికి "పదండి" అని లేస్తారు. రెస్ట్ కావాల్సినవాడికే రెస్ట్ దొరకదు.

మధ్యరకం_నడక (ప్రశ్న అడిగినవాణ్ణి)

వెళ్లొచ్చాం, అందరికీ థ్యాంక్స్. ఆరుకి అనుకుని ఆరూ నలభైకి బయల్దేరాం, లేటయింది ఆ పరుగువాళ్ల వల్లే, రాసిపెట్టుకోండి.

మా ఆయాసం గాణ్ణి ముందు పెట్టాం. మొదటి అరగంట పరుగువాళ్లిద్దరూ గొణిగారు, తర్వాత వాడు ఒకే నడకలో ఆగకుండా పోతుంటే వాళ్లే "రేయ్, నీళ్లు తాగి వెళ్దాం" అన్నారు. మొదటి సరస్సు చిన్నదే, రెండోది మాత్రం మాటల్లో చెప్పలేను. పాలు కలిపిన ఆకుపచ్చ రంగు, ఫొటోలో ఫిల్టర్ పెట్టినట్టు. హిమానీనదం రాయిని నూరిన పొడి నీళ్లలో తేలుతుంటే అలా కనపడుతుందట. కాళ్లు పెట్టి లెక్కపెట్టాను, నాకు ఏడు కూడా రాలేదు.

అక్కడికే పదకొండూ ఇరవై అయింది. రిడ్జ్‌కి ఇంకో 300 మీటర్ల ఎక్కుడు. పరుగువాళ్లు "గంటలో కొట్టేస్తాం" అన్నారు, కొట్టేసేవాళ్లే. కానీ రిడ్జ్ వెనక నుంచి కాలీఫ్లవర్ లాంటి మబ్బు ఒకటి తల ఎత్తింది, మేం వాదించుకుంటుండగానే రెండింతలైంది. ఖాయం చేసుకున్న మాట అని నేనంటే పరుగువాళ్లలో పెద్దవాడు మొహం మాడ్చుకుని బ్యాగ్ వేసుకున్నాడు, మొదటి సరస్సు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. అక్కడ మెరిసింది. లెక్కపెట్టింది కూడా వాడే. పద్దెనిమిది. ఆరు కిలోమీటర్లు. రిడ్జ్ అప్పటికే మబ్బులో కనపడట్లేదు.

సన్‌స్క్రీన్ గురించి ఎవరూ చెప్పలేదేంటండీ? మొహానికి రాశాం కానీ, దారిలో మంచు మచ్చ మీద ఆడుకున్నప్పుడు ఎండ కింద నుంచి కూడా కొట్టింది. ఐదుగురికీ గడ్డం కింద, ముక్కు కింద ఎర్రగా కాలింది. పెద్దవాడు ఇవాళ ఆఫీసుకి మాస్క్ పెట్టుకెళ్లాడు, అక్కణ్ణుంచే మెసేజ్ పెట్టాడు: "వచ్చే నెల రిడ్జ్. ఐదింటికి బయల్దేరాలి."