బరువు ఎత్తేటప్పుడు మనసు ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: కొర్లగుంట లెక్కల మాస్టారు

నా వయసు 43 ఏళ్లు. తిరుపతిలో పోటీ పరీక్షలకు వెళ్లే పిల్లలకు గణితం చెబుతాను. ఐదు నెలలుగా తెల్లవారుజామున జిమ్‌కు వెళ్తున్నాను. ఒళ్లు దారికి వచ్చింది కాని మనసు రాలేదు. స్క్వాట్ (భుజాల మీద బార్ అనే బరువుల కడ్డీ పెట్టుకుని కూర్చుని లేవడం) చేస్తుండగానే ఆ రోజు చెప్పవలసిన పాఠమో, కట్టవలసిన చీటీ డబ్బో గుర్తుకు వచ్చి, ఆరోసారి లేచానో ఎనిమిదోసారి లేచానో తెలియకుండా పోతుంది. లెక్కలు చెప్పేవాడికి పది లోపు అంకెలు తప్పిపోవడం సిగ్గుగానే ఉంది. గత వారం బార్‌కు ఒక వైపు 10 కిలోల ప్లేటు, మరో వైపు 5 కిలోల ప్లేటు తగిలించి ఎత్తబోయాను; పక్కనున్న కుర్రవాడు చూసి ఆపాడు కాబట్టి నడుము దక్కింది.

మా కోచ్ ‘కండ మీద మనసు పెట్టండి సార్’ అంటాడు. అది ఎలాగో మాత్రం చెప్పడు. బరువులు ఎత్తితే మెదడుకు కూడా మేలని అంటున్నారు, అందులో నిజమెంత? ఇంకొక సంగతి: మా అమ్మకు 68 ఏళ్లు, రక్తపోటు ఉంది, ఈ మధ్య మరుపు ఎక్కువైంది. ఆమె చేత కూడా ఏదైనా చేయించవచ్చా?

జవాబు: చిత్తూరు పాత వ్యాయామోపాధ్యాయుడు

మాస్టారు గారూ, మీ కోచ్ చెప్పినది సగమే సరైనది. చేతిలో చిన్న డంబెల్ పట్టుకుని మోచేయి మడిచేటప్పుడు కండ మీద మనసు పెట్టవచ్చు. భుజాల మీద బరువైన బార్ ఉన్నప్పుడు మాత్రం తొడ కండను తలచుకుంటూ కూర్చుంటే లేవలేరు. ‘పాదాలతో నేలను తొక్కుతున్నాను, బార్‌ను పైకప్పు వైపు నెడుతున్నాను’ అన్న ఒక్క తలపే ఉండాలి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి ఎత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా తెచ్చి తరువాత పైకెత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన రోజుల్లో మా బడి పిల్లలకు నేను చెప్పిన మాట కూడా ఇదే: అంత బరువు కింద రెండో ఆలోచనకు చోటు ఉండదు.

మీ ప్లేట్ల పొరపాటుకు మందు ఏకాగ్రత కాదు, అలవాటు. ప్రతి సెట్‌కు (ఆగకుండా చేసే ఒక వరుసకు) ముందు ఎడమ ప్లేటు, కుడి ప్లేటు, రెండు క్లిప్పులు వేలితో తాకి చూడండి. అడుగులు ఒకే చోట వేయండి. ఊపిరి తీసుకున్నాకే కిందికి దిగండి. అంకెలు వెనక్కు లెక్కపెట్టండి. ఎనిమిది నుంచి ఒకటికి వచ్చేటప్పుడు ఇంకా ఎన్ని మిగిలాయో మనసు చూసుకుంటూనే ఉంటుంది కాబట్టి చీటీ పాట గుర్తుకు రావడం తగ్గుతుంది. సెట్‌కూ సెట్‌కూ మధ్య సెల్‌ఫోన్ సంచిలోనే ఉండాలని వేరే చెప్పాలా?

జవాబు: ఫిజియోథెరపీ చదివినవాడిని

పై పెద్దాయన అనుభవంతో చెప్పినదాన్ని ప్రయోగాలు కూడా చాలావరకు బలపరుస్తున్నాయి. 2018లో వ్యాయామ శాస్త్రవేత్త బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అంతకుముందు బరువులు ఎత్తని 30 మంది కాలేజీ యువకుల చేత ఎనిమిది వారాలు సాధన చేయించింది. కండను బిగించడం మీద ధ్యాస పెట్టినవారిలో మోచేతిని మడిచే కండరాల మందం 12.4 శాతం పెరిగింది, బరువును పైకి చేర్చడం మీదే ధ్యాస పెట్టినవారిలో 6.9 శాతం పెరిగింది. తొడ కండరాల్లో మాత్రం ఈ తేడా కనిపించలేదు. బలం ప్రదర్శించవలసిన చోట ధ్యాస ఒంటి వెలుపల, అంటే బార్ మీదో నేల మీదో ఉంటేనే మేలని గాబ్రియేల్ వుల్ఫ్ పరిశోధనలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి.

అసలు కొత్తగా మొదలుపెట్టినవారికి తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం కండది కాదు, నాడులది. మెదడు పంపే ఆజ్ఞకు ఒకేసారి ఎక్కువ కండర పోగులు స్పందించడం, వాటికి సంకేతాలు వేగంగా అందడం అప్పుడు నేర్చుకుంటాం. అద్దంలో ఏమీ మారకముందే బార్ తేలికగా అనిపించడానికి కారణం ఇదే. 1992లో గ్వాంగ్ యూ, కెల్లీ కోల్ చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది: నాలుగు వారాలు చిటికెన వేలిని నిజంగా బిగించి సాధన చేసినవారి బలం 30 శాతం పెరిగితే, వేలు కదపకుండా బిగిస్తున్నట్లు ఊహించుకున్నవారి బలం 22 శాతం పెరిగింది. అందుకని బార్ దగ్గరకు వెళ్లేముందు కళ్లు మూసుకుని ఆ కదలికను ఒకసారి మనసులో నడిపించండి, పది సెకన్ల పని. ఊహతోనే సరిపెట్టుకుని ఇంట్లో పడుకోవచ్చని మాత్రం మా తమ్ముడిలా అర్థం చేసుకోకండి.

జవాబు: అన్నిటినీ అనుమానించేవాడు

మెదడుకు మేలన్న మాట నిజమే కాని, ప్రకటనల్లో చెప్పినంత కాదు. కెనడాలోని వాంకూవర్‌లో టెరీసా లియూ-ఆంబ్రోస్ బృందం 65 నుంచి 75 ఏళ్ల వయసున్న 155 మంది స్త్రీలతో ఏడాదిపాటు చేసి, 2010లో వెల్లడించిన అధ్యయనం ఉంది. ‘ఎరుపు’ అన్న మాటను నీలం సిరాతో రాసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమనే పరీక్షలో వారానికి ఒకసారి బరువులు ఎత్తినవారు 12.6 శాతం, రెండుసార్లు ఎత్తినవారు 10.9 శాతం మెరుగయ్యారు. అంటే అడ్డొచ్చే తలపును పక్కకు నెట్టే శక్తి పెరిగింది, మాస్టారికి కావలసినదీ అదే. అయితే వారి మెదడు పరిమాణం పెరగలేదు, సరికదా బరువులు లేని వ్యాయామం చేసినవారితో పోలిస్తే కొంత తగ్గింది. ఈ రెండో సంగతిని ఏ జిమ్ కరపత్రంలోనూ చూడలేదు.

అమ్మగారి విషయానికి సిడ్నీలో జరిగిన అధ్యయనం దగ్గరగా ఉంటుంది. మరుపు మొదలై, ఇంకా మతిమరుపు వ్యాధి దాకా వెళ్లని 100 మందిలో కొందరికి అక్కడ ఆరు నెలలు బరువుల సాధన ఇచ్చారు. వారి ఆలోచనాశక్తి మెరుగైంది. బలం ఎక్కువ పెరిగినవారిలో ఆ మెరుగు కూడా ఎక్కువగా కనిపించింది. అయితే వారు ఎత్తినవి ఊరికే చేతిలో ఆడించే బరువులు కావు, తమ శక్తిలో 80 శాతం, ఆపైన ఉన్నవి, అదీ పర్యవేక్షణలో. కాబట్టి ముందు డాక్టరు గారికి చూపించి, ఆ మరుపు థైరాయిడ్ వల్లో, బీ12 విటమిన్ లోపం వల్లో వచ్చిందేమో తేల్చుకోండి. రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు, లేచేటప్పుడు వదలాలి.

జవాబు: అలిపిరి నడక

నేను నెలకొకసారి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్తాను. గాలిగోపురం దాకా ఎన్ని ఆలోచనలు వచ్చినా కాళ్లు తమ పని తాము చేసుకుపోతాయి, బార్ కింద అలా కుదరదు. మాస్టారు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో ఎవరూ అడగలేదేమి?

కొర్లగుంట లెక్కల మాస్టారు (మూడు వారాల తరువాత)

నిద్ర ఐదు గంటలు. అడిగినవారికి దండం, ఇప్పుడు ఆరున్నర చేశాను. వెనక్కు లెక్కపెట్టడం పనిచేసింది, ప్లేట్లు తాకి చూడడం కూడా అలవాటైంది. అమ్మకు బీ12 తక్కువగా ఉందని తేలి, మందు మొదలుపెట్టారు. డాక్టరు గారి అనుమతితో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసిసార్లు చేయిస్తున్నాను. అంకెలు లెక్కపెట్టమంటే ఒప్పుకోవడం లేదు, లేచిన ప్రతిసారీ ‘గోవిందా’ అంటోంది. ఊపిరి దానంతట అదే బయటికి వస్తోంది కాబట్టి నేనూ ఊరుకున్నాను.