నెల్లూరు జిల్లా పురాతన సంపద: దొరలు కాపాడారా, కాజేశారా?

కందుకూరు పాఠకుడు:
మన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న దర్శి, పొదిలి, కనిగిరివి కూడా అందులోనే. వాటిని సేకరించిన ఆంగ్ల అధికారి బటర్‌వర్త్ దొర పూనుకోకపోతే ఆ రాళ్లలో సగం ఈపాటికి చెరువు తూముల్లో కలిసిపోయేవని నా వాదన. కాదనేవారు చెప్పండి.

పెన్నా ఒడ్డు:
కాదంటాను. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతిగుట్ట వాలులో దున్నుతుంటే నాగలి ఇటుక కట్టుబడికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. పాత బంగారంగా అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. నవాబు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా రాబట్టాడు. అప్పటి మద్రాసు గవర్నరు డేవిడ్‌సన్ వాటిలో రెండు ఏరుకున్నాడు: రోమన్ చక్రవర్తి హేడ్రియన్‌ది ఒకటి, రోమన్ రాణి ఫౌస్టీనాది ఒకటి. చెప్పింది ఎవరో కాదు, ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు! ఊరి పేరు మాత్రం రాయలేదు. ఆ గుడి ఎక్కడో ఇక వెతుక్కోవలసిందే.

కందుకూరు పాఠకుడు:
కరిగించింది దొర కాదు కదండీ?

పెన్నా ఒడ్డు:
చూపిస్తే ఆ రైతుకు ఏం ఒరిగేది? నిధుల చట్టం 1878లో గానీ రాలేదు. సొంతదారు తేలని నిధిలో దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి మిగిలిన వంతు అన్నది ఆ చట్టం మాట. మంచి చట్టమే. తొంభై ఏళ్లు ఆలస్యం.
ఇక మీ సంపుటాల మీద బటర్‌వర్త్ పక్కనే వి. వేణుగోపాల్ చెట్టి పేరుంది. దాన్ని ఎందుకు మింగేశారు? దొనకొండ దగ్గరి చందవరం బౌద్ధ స్తూపాన్ని 1964లో కనుగొన్నది వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గారు. దొరలు వెళ్లిపోయిన తరువాతే.

కందుకూరు పాఠకుడు:
చందవరం మీరే ఎత్తారు కనుక చెబుతాను. అక్కడి బుద్ధారాధకుల శిల్పం దొంగల చేతుల్లో పడి దేశం దాటింది. ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని 2005లో కొని, 2016లో తిరిగి ఇచ్చింది. ఇది ఏ దొర పాలనలో జరిగింది?

గుండ్లకమ్మ:
మన పాలనలోనే, సిగ్గుచేటే. అయినా అది చందవరానిదని తేలింది కాబట్టే వెనక్కి వచ్చింది. డేవిడ్‌సన్ రెండు నాణేలను ఏ ఊరికని తిరిగి ఇవ్వమంటారు? ఈ వాదన పక్కన పెట్టి, ఆ మూడు సంపుటాల్లో మీ ఊరి శాసనం ఉంటే అది ఇప్పటికీ అదే చోట ఉందో లేదో వెళ్లి చూసి ఇక్కడ రాయండి. కందుకూరు వారే మొదలుపెట్టవచ్చు.