నెలాఖరున కౌన్సిల్ సమావేశం: మా వీధి కాలువ ఎజెండాలోకి ఎక్కాలంటే ఇప్పటినుంచి ఏం చేయాలి?

మూడో_అడ్డరోడ్డు:
ఆంధ్రప్రదేశ్‌లో ఒక మునిసిపాలిటీ, కార్పొరేషన్ కాదు. కాలనీ రోడ్డు పక్కన సైడు కాలువ 300 మీటర్లు. అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు. మధ్యలో అడ్డరోడ్డు దాటేచోట అడుగు వ్యాసం సిమెంటు పైపు వేశారు. గంటసేపు గట్టి వాన పడితే పైపుకు ఎగువన ఉన్న ఇళ్ల గుమ్మాల దాకా నీళ్లు వస్తున్నాయి, దిగువ ఇళ్లకు ఏమీ లేదు. వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తే పూడిక తీయించి, "సమస్య పరిష్కరించబడింది" అని మూసేశారు.

నెలాఖరులో కౌన్సిల్ సాధారణ సమావేశం ఉంది, ఇంకా మూడు వారాలు. పదిమందిమి వెళ్లి సమావేశంలో మాట్లాడటానికి వీలుంటుందా? ఎజెండాలో పెట్టించాలంటే ఎవరిని పట్టుకోవాలి? కాలువ వెడల్పు చేయమని అడిగితే చాలా, ఇంకేమైనా అడగాలా?

ఇన్‌వర్డ్_నంబరు:
వెళ్లొచ్చు, మాట్లాడటం మాత్రం కుదరదు. కౌన్సిల్ సమావేశం సాధారణంగా ప్రజలు చూడదగ్గదే. ఎవరైనా అల్లరి చేస్తే బయటికి పంపే అధికారం సభాధ్యక్షులకు ఉంటుంది. చర్చలో పాల్గొనేది సభ్యులు, సమాధానాలిచ్చేది అధికారులు. పదిమంది ఫ్లెక్సీతో గుమ్మంలో నిలబడితే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, పనికి మాత్రం ఫైలు ఉండదు.

అసలు పని సమావేశానికి ముందే జరగాలి. ఎజెండాలోకి ఒక పని ఎక్కాలంటే దాని వెనక ఇంజినీరింగ్ సెక్షన్ నోటు, అంచనా మొత్తం, ఏ పద్దు నుంచి ఖర్చు పెడతారన్నది ఉండాలి. అవి లేకుండా కౌన్సిలర్ గారు జీరో అవర్‌లో ఎంత గట్టిగా అరిచినా "పరిశీలిస్తాం" అన్న మాటే వస్తుంది. ఎజెండా సభ్యులకు సమావేశానికి కొన్ని పూర్తి రోజుల ముందే అందాలి (నోటీసు ఇచ్చిన రోజు, సమావేశం రోజు ఆ లెక్కలోకి రావు). కాపీలు తీయడానికి, కమిషనర్ సంతకానికి ఇంకో నాలుగైదు రోజులు వేసుకోండి. అంటే మీ మూడు వారాల్లో చేతిలో ఉన్నది పది పన్నెండు రోజులే.

మొదట కమిషనర్ పేరున అర్జీ రాయండి. ఒక పేజీ దాటకూడదు. సచివాలయంలో మూసేసిన అర్జీ నంబరు, తేదీ మొదటి వాక్యంలోనే రాయండి. కొలతలు, నీళ్లు నిలిచిన ఇళ్ల డోర్ నంబర్లు, తేదీ కనిపించే ఫొటోలు రెండు మూడు జతచేయండి. తపాల్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా రావద్దు. ఒక కాపీ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు), ఒకటి మీ వార్డు కౌన్సిలర్‌కు.

సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) కూడా ఇవ్వండి. పాత అర్జీని రీఓపెన్ చేయమని అడగండి. 1100కు ఫోన్ చేసినా దాని స్థితి తెలుస్తుంది. "పూడిక తీశారు, నీళ్లు నిలవడం ఆగలేదు" అని స్పష్టంగా రాయించండి. పూడికతీత పారిశుద్ధ్య విభాగం పని, కల్వర్టు (రోడ్డు కింద నీళ్లు దాటే తూము, మీ దగ్గర ఆ సిమెంటు పైపు) ఇంజినీరింగ్ పని. మీ అర్జీ మొదట శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు వెళ్లింది కాబట్టే ఆయన తన పని చేసి మూసేశారు. ఆయన వైపునుంచి అది అబద్ధం కూడా కాదు. ఈసారి అర్జీ అంశంలో "కాలువ పూడిక" అనే మాట రానివ్వకండి, "అడ్డరోడ్డు కల్వర్టు సామర్థ్యం చాలకపోవడం" అని పెట్టండి. సచివాలయంలో ఇది చూడాల్సింది వార్డు అమెనిటీస్ సెక్రటరీ (నీళ్లు, రోడ్లు, కాలువల పనులు చూసే ఉద్యోగి).

కౌన్సిలర్‌తో అర్జీ గురించి చర్చ పెట్టుకోకండి. ఎజెండాలో పెట్టాల్సిన వాక్యం మీరే రాసి ఇవ్వండి, ఇలా: "ఫలానా వార్డు, ఫలానా వీధిలో అడ్డరోడ్డు వద్ద ఉన్న పైపు కల్వర్టు తొలగించి స్లాబ్ కల్వర్టు నిర్మించుటకు, సాధారణ నిధుల నుండి అంచనా మొత్తమునకు పరిపాలనా ఆమోదము కొరకు." మునిసిపల్ ఆఫీసు తెలుగు ఇలాగే ఉంటుంది, నవ్వుకున్నా సరే అలాగే రాయండి. గుమాస్తా దాన్ని మార్చకుండా ఎక్కిస్తాడు.

వాటం_చూడు:
పైన కల్వర్టు అని రాశారు, మంచిదే. ఎందుకో చెప్తాను, ఎందుకంటే మీరు అడిగిన "కాలువ వెడల్పు" అనే పరిష్కారం డబ్బు తగలేసేది.

వర్షపు నీరు ఎంత వస్తుందో సుమారుగా లెక్కేయడానికి సూత్రం సులువు: ప్రవాహ గుణకం × గంటకు మిల్లీమీటర్లలో వాన × హెక్టార్లు ÷ 360, జవాబు సెకనుకు ఘనపు మీటర్లలో వస్తుంది. ప్రవాహ గుణకం అంటే పడిన వానలో నేలలో ఇంకకుండా పారే భాగం. కాంక్రీటు ఎక్కువున్న కాలనీకి గుణకం 0.8. మీ కాలువలోకి నీళ్లొచ్చే విస్తీర్ణం ఏడున్నర ఎకరాలు, అంటే 3 హెక్టార్లు అనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వానకు సెకనుకు 330 లీటర్లు.

ఇప్పుడున్న అడుగున్నర కాలువ, వాటం (అడుగు వాలు) 300 మీటర్లకు 1 మీటరు ఉంటే, పైన నాలుగంగుళాలు ఖాళీ వదిలినా సెకనుకు 250 లీటర్లు మోస్తుంది. అదే వాటంలో మీ అడుగు పైపు నిండా పారితే 55 లీటర్లు. నాలుగు బిందెలు పోసేచోట ఒక బిందె దిగుతోంది. ఎగువ ఇళ్లు మునిగి దిగువ ఇళ్లు పొడిగా ఉండటానికి కారణం ఇదే, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. దాన్ని మార్చకుండా 300 మీటర్లూ వెడల్పు చేస్తే నీళ్లు నిలవడానికి పెద్ద తొట్టి కట్టినట్టు.

అయితే "పెద్ద పైపు వేయండి" అని కూడా అడగకండి. రెండడుగుల పైపు 350 లీటర్లు మోస్తుంది, కాగితం మీద సరిపోతుంది. కానీ మీ కాలువ లోతే రెండడుగులు. ఆ పైపు మీద మట్టి కప్పు మిగలదు, లారీ చక్రం బరువు నేరుగా పడి ఏడాదిలో పగులుతుంది. రోడ్ల కింద వేసే ఎన్‌పీ3 రకం కాంక్రీటు పైపైనా పైన తగినంత కప్పు ఉంటేనే నిలుస్తుంది. కాబట్టి అక్కడ స్లాబ్ కల్వర్టే (రెండు గోడల మీద కాంక్రీటు పలక వేసిన తూము) కావాలి. వెడల్పు మూడడుగులు తీసుకుంటే, స్లాబు మందం పోను అడుగుంపావు ఎత్తు మిగిలినా సెకనుకు 450 లీటర్లు దాటుతుంది. అంచున ఒక పలక ఎత్తి తీసేలా పెట్టమనండి, లేకపోతే లోపల ఇరుక్కున్న ప్లాస్టిక్ తీయడానికి మళ్లీ రోడ్డు పగలగొట్టాలి.

ఇక వాటం. వెడల్పు కంటే ఇదే ముఖ్యం. వాటం నాలుగో వంతుకు పడిపోతే నీటి వేగం సగమవుతుంది. అంటే 1200 మీటర్లకు ఒక మీటరు వాటం ఉన్న రెండడుగుల కొత్త కాలువ 190 లీటర్లే మోస్తుంది, సరైన వాటంతో ఉన్న మీ పాత అడుగున్నర కాలువ కంటే తక్కువ. ఏఈ వచ్చేలోపు మీరే చూసుకోవచ్చు. తాపీ మేస్త్రీలు లెవెల్‌కు వాడే పారదర్శక నీళ్ల పైపు చాలు. ఒడ్డు నుంచి కాదు, అడుగు కాంక్రీటు నుంచి ప్రతి 30 మీటర్లకు కొలవండి. ఒక్కో ముక్కకు 10 సెంటీమీటర్లు కిందికి దిగాలి. ఎక్కడైనా ఎత్తు పెరిగితే అక్కడ ఎదురువాటం ఉన్నట్టు, ఆ చోట మీటర్లతో సహా అర్జీలో రాయండి. పైపులో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, అది పోయాకే చూడండి.

పూడిక సంగతి కూడా. 300 మీటర్ల కాలువలో అడుగు మందం పూడిక ఉంటే సుమారు 40 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రక్కుకు 3 ఘనపు మీటర్ల చొప్పున 13 ట్రిప్పులు దాటాలి. మీ వీధికి రెండు ట్రిప్పులే వచ్చాయంటే మిగతాది గట్టుమీదే ఉంది, తర్వాతి వానకు తిరిగి కాలువలోకే.

తీర్మానాల_పుస్తకం:
పై ఇద్దరూ చెప్పింది సరే. ఎజెండాలోకి ఎక్కిన తర్వాత జరిగేది ఎవరూ చెప్పలేదు. జనం సంబరపడి ఇంటికి వెళ్లిపోయేది అక్కడే.

తీర్మానంలో చివరి మాట చదవడం నేర్చుకోండి. "పరిపాలనా ఆమోదము ఇవ్వడమైనది" అంటే పని కదిలింది. "రికార్డు చేయడమైనది" అంటే విన్నాం, అంతే. "నిధుల లభ్యతను బట్టి" అని చేర్చితే ఆమోదించినట్టే ఉంటుంది, టెండరు పిలవరు. "వాయిదా" అంటే మళ్లీ ఎజెండాలో పెట్టించే బాధ్యత మీ కౌన్సిలర్‌దే, దానంతట అది తిరిగి రాదు. సమావేశం రోజు సభలో బల్లమీద పెట్టే టేబుల్ ఎజెండాలో మీ పని చేర్పిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముందు చదవని అంశం కాబట్టి ప్రతిపక్ష సభ్యులు అభ్యంతరం చెప్పడం సులువు, మంచి పనైనా గొడవలో పోతుంది.

నిధుల పద్దు ముందే తేల్చుకోండి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు (2021–26) పదిలక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టేసి ఇచ్చారు, 40 శాతం స్థానిక అవసరాలకు వదిలారు. వాననీటి కల్వర్టు అడిగితే సాధారణ నిధులో, ఆ వదిలిన రకం గ్రాంటో చూపించాలి. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. పాత షరతులు చెప్పి తిప్పి పంపితే ఏ ఏడాది గ్రాంటో అడగండి.

సమావేశం అయ్యాక మినిట్స్ అడగండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి)(viii) ప్రకారం సమావేశాలు ప్రజలకు తెరిచి ఉన్నాయా, మినిట్స్ చూడనిస్తారా అన్నది సంస్థ తనంతట తానే ప్రకటించాలి. ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. దరఖాస్తులో "ఎందుకు చేయలేదు" అని అడగకండి. అది సమాచారం కాదని తోసేస్తారు. తీర్మానం నంబరు, అంచనా ప్రతి, కొలతల పుస్తకంలో పేజీలు అని కాగితాలే అడగండి. పని జరుగుతున్నప్పుడు సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. చాలామంది ఇది కాగితాలకే అనుకుంటారు.

ఇంకోటి, పాలకవర్గం ఉందో లేదో చూసుకోండి. రాజ్యాంగం 243-యు అధికరణం ప్రకారం పాలకవర్గం గడువు మొదటి సమావేశం నుంచి ఐదేళ్లే. 2021 మార్చిలో ఎన్నికైనవాటికి ఒక లెక్క, ఆ నవంబరులో ఎన్నికైన కుప్పం, దర్శి, జగ్గయ్యపేట లాంటివాటికి ఇంకో లెక్క. గడువు తీరి ప్రత్యేకాధికారి ఉంటే కౌన్సిల్ అధికారం ఆయనదే, తీర్మానం ఆయన సంతకంతోనే వస్తుంది. అప్పుడు కౌన్సిలర్ చుట్టూ తిరగడం వృథా, అదే నోటు కమిషనర్ ద్వారా పైకి పంపించండి.

మూడో_అడ్డరోడ్డు:
పాలకవర్గం ఉందండీ, నవంబరు బ్యాచే. నీళ్ల పైపుతో రేపు కొలుస్తాం. ఒక చిక్కు: ఆ అడ్డరోడ్డు మునిసిపాలిటీదా, ఆర్ అండ్ బీదా (రోడ్లు భవనాల శాఖ) అన్నది ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. ఇంకా నలుగురైదుగురు కాలువ మీద ఇంటి ర్యాంపు సిమెంటుతో మూసేశారు. వాటి గురించి కూడా అర్జీలో రాయాలా?

ఇన్‌వర్డ్_నంబరు:
రోడ్డు ఎవరిదో తేలకుండా ఎజెండా నోటు పెట్టించకండి. ఆర్ అండ్ బీ రోడ్డయితే మునిసిపల్ నిధులతో దాన్ని తవ్వలేరు. కౌన్సిల్ చేయగలిగేది ఆ శాఖకు రాయాలని తీర్మానించడమే, దానికి ఖర్చు పద్దు అక్కర్లేదు. ఇంజినీరింగ్ సెక్షన్‌లో రోడ్ల రిజిస్టరు ఉంటుంది, అందులో ఆ వీధి ఉందో లేదో ఏఈని అడగండి. లేకపోతే ఆర్ అండ్ బీ సెక్షన్ ఆఫీసులో అడగండి. రెండు చోట్లా "మాది కాదు" అంటే ఇద్దరికీ ఒకే అర్జీ, ఒకరి కాపీ ఇంకొకరికి పంపుతున్నట్టు కింద రాసి ఇవ్వండి. అప్పుడు ఎవరో ఒకరు కాగితం మీద జవాబు చెప్పక తప్పదు.

మీ కాలువ చివర నీళ్లు ఎందులో కలుస్తాయో కూడా చూడండి. జలవనరుల శాఖ మేజర్ డ్రైనులో కలిస్తే, అది నిండుగా ఉన్నరోజు మీ కల్వర్టు ఎంత పెద్దదైనా నీళ్లు వెనక్కి తంతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధి కాలువలు ఎంత బాగున్నా లాభం లేకపోయింది.

వాటం_చూడు:
ర్యాంపుల సంగతి ఈ అర్జీలో కలపకండి. కలిపితే ఫైలు టౌన్ ప్లానింగ్‌కు వెళ్లి ఆక్రమణల కేసుగా మారుతుంది, కల్వర్టు మరుగున పడుతుంది. పైగా ఆ నలుగురైదుగురూ మీ అర్జీ మీద సంతకం పెట్టరు. వాళ్లతో ముందు మాట్లాడండి: సిమెంటు పోత తీసేసి, ఎత్తి పెట్టుకునే ఇనుప జాలీ వేసుకుంటే బండీ ఎక్కుతుంది, పూడికా తీయొచ్చు. జాలీ కమ్మీల మధ్య అంగుళం మించి సందు వద్దు, సైకిల్ చక్రం ఇరుక్కుంటుంది.

రేపు కొలిచేటప్పుడు పైపు రెండు చివర్ల అడుగు మట్టాలూ విడిగా రాసుకోండి. చాలాచోట్ల పైపును కాలువ అడుగు కంటే నాలుగంగుళాలు ఎత్తులో పెట్టేస్తారు. అలా ఉంటే దాన్నే అర్జీలో మొదటి కొలతగా పెట్టండి.