ఆయిల్ పెయింట్ ట్యూబుల్లో ఏ ఎరుపు నిలుస్తుంది, ఏది వెలిసిపోతుంది?

ఎర్రమట్టి కుంచె:
భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, వెనక సముద్రం, పైన సాయంత్రపు గులాబీ ఆకాశం వేస్తున్నాను. ఆకాశానికి అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు పల్చగా పూద్దామంటే మా సీనియర్ వద్దన్నాడు, వెలిసిపోతుందట. షాపతనేమో "ఆర్టిస్ట్ క్వాలిటీ సార్, ఏం కాదు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

లాసన్స్ బే:
సీనియర్ మాటే వినండి. ఎంత ఖరీదైన ట్యూబైనా, వెనక పీఆర్83 అని పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కోడ్ ఉంటే అది వెలిసేదే. 1868లో తారు నుంచి వచ్చే పదార్థంతో కృత్రిమంగా తయారుచేసిన అలిజరిన్ అది. చిక్కగా వేస్తే కొంతకాలం ఓర్చుకుంటుంది. తెలుపు కలిపితే, పల్చగా పూస్తే త్వరగా పోతుంది. మీరు చేయబోయేది సరిగ్గా అదే! బదులుగా క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబీ రంగు తీసుకోండి, కోడ్ పీవీ19. 1958లో డ్యూపాంట్ మార్కెట్లోకి తెచ్చిన రకం, కార్ల పెయింట్లలో ఎండకు నిలిచింది.

డాల్ఫిన్ నోస్:
నా గొడవ వేరు. థాలో బ్లూ అనే నీలం బఠాణీ గింజంత పెడితే చాలు, పాలెట్ మీది మిగతా రంగులన్నీ తినేస్తోంది. దీనికేటి మందు?

పాత బ్రష్షు:
బఠాణీ గింజంతా? ఆవగింజంత చాలండి బాబూ! 1935లో మొనాస్ట్రల్ బ్లూ పేరుతో వచ్చిన రాగి సమ్మేళనం ఇది. ఎండకు చెక్కుచెదరదు, బలం మాత్రం విపరీతం. తెలుపులోకి నీలాన్ని చిటికెడు చిటికెడు కలపండి. నీలంలోకి తెలుపు వేసుకుంటూ పోతే తెల్ల ట్యూబు ఖాళీ అవుతుంది గానీ రంగు దిగదు. అయినా మన ఆర్కే బీచ్ నీళ్లు అంత పచ్చి నీలంగా ఎప్పుడు కనబడ్డాయి? కొంచెం బర్న్ట్ సియెన్నా, అదే ఎర్ర గోధుమ రంగు, తగిలించండి, దాని పొగరు అణుగుతుంది.

ఎంవీపీ అమ్మాయి:
ఇన్ని కెమికల్స్ ఎందుకండీ? ఏటికొప్పాక బొమ్మలకు వేసినట్టు సహజ రంగులే వాడొచ్చుగా?

లాసన్స్ బే:
సహజమైనదల్లా నిలుస్తుందని లేదమ్మా. ఐరోపా చిత్రకారులు మాడర్ అనే మొక్క వేరు నుంచి తీసుకున్న ఎరుపులోనూ ఉన్నది అలిజరినే, అదీ వెలిసేదే. మట్టి రంగుల సంగతి వేరు. దిబ్బల ఎరుపు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. ఫ్యాక్టరీలో చేసిన ఐరన్ ఆక్సైడ్ పీఆర్101, అదీ అంతే గట్టిది. దిబ్బల మట్టి తెచ్చి నూరుకుందామని మాత్రం అనుకోకండి, అది రక్షిత స్థలం.

ఎర్రమట్టి కుంచె:
నా దగ్గరున్న రోజ్ ట్యూబు మీద కోడే లేదే!

పాత బ్రష్షు:
అయితే దాంతో అమ్మకానికి బొమ్మ వేయొద్దు. తెలుపు కలిపి ఒక పట్టీ పూయండి. ఆరాక సగం ఫాయిల్‌తో మూసి, ఎండ పడే కిటికీలో వేసవంతా ఉంచండి. రెండు సగాల్లో తేడా వస్తే ఆ ట్యూబు స్కెచ్‌లకే. ఇంకో మాట, పేరు చివర "హ్యూ" అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు వేరేది వేశారన్నమాట. కాడ్మియం ఎల్లో హ్యూలో కాడ్మియం ఉండదు. దాన్ని మోసమనలేం, కానీ కింది రంగును అసలుదంత కప్పదు.

డాల్ఫిన్ నోస్:
క్వినాక్రిడోన్ గోల్డ్ అనే బంగారు రంగు అసలుది, కోడ్ పీఓ49, ఎక్కడైనా దొరుకుతుందా?

లాసన్స్ బే:
కష్టమే. కార్ల కంపెనీలు ఆ రంగు వాడటం తగ్గించేశాక తయారీ ఆగిపోయింది. మనం కొనే ట్యూబులు వాళ్లకో లెక్కా? ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి చాలావరకు మిశ్రమాలు, వెనక రెండు మూడు కోడ్‌లు కనిపిస్తాయి చూడండి.