ఎనిమిది మంది, ఎనిమిది స్పీడ్లు: ఆల్ప్స్ ట్రిప్ ఎలా ప్లాన్ చేయాలి?

చెయిన్‌లూబు:

వచ్చే ఆగస్టు ఆఖర్లో ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో ఒక వారం రోడ్ బైకులు తొక్కుదామని మా గ్రూపులో ఎనిమిది మందిమి అనుకున్నాం. ప్లానింగ్ మొత్తం నాకు అప్పజెప్పి మిగతా ఏడుగురూ టూర్ డి ఫ్రాన్స్ వీడియోలు చూసుకుంటూ కూర్చున్నారు.

అసలు చిక్కు మా స్పీడ్ల దగ్గరే. ఇద్దరు బాగా గట్టివాళ్లు. వాళ్లకు లా మార్మోట్ అనే సైకిల్ రేసు రూటు మొత్తం ఒక్క రోజులో తొక్కాలని ఉంది. నాతో కలిపి ముగ్గురం వారాంతాల్లో తొక్కేవాళ్లం. ఇద్దరు ఈమధ్యే చేరారు, 5 కిలోమీటర్లకు మించిన ఎక్కుడు ఇంతవరకూ ఎక్కలేదు. ఎనిమిదో ఆయనకు 58 ఏళ్లు. నెమ్మదిగా వెళ్తారు కానీ ఎక్కడా ఆగరు. మేమందరం చదును నేల మీద తొక్కేవాళ్లమే.

ఒకాయన జెనీవా సరస్సు ఒడ్డున మొదలుపెట్టి మధ్యధరా సముద్రం దాకా, అంటే రూట్ దే గ్రాండ్ ఆల్ప్ మొత్తం వెళ్దామంటున్నాడు. దాదాపు 700 కిలోమీటర్లు, రోజుకో హోటల్. నాకేమో ఒకే ఊళ్లో మకాం పెట్టడం నయమనిపిస్తోంది. ఎవరి మాట కరెక్టు? బైకులు మోసుకెళ్లాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా? అన్నిటికంటే పెద్ద టెన్షన్: కొండ మీద ఇంతమందిని కలిపి ఉంచడం ఎలా?

ఇరవయ్యొకటో మలుపు:

కలిపి ఉంచకండి. నా జవాబు అదే, మిగతాదంతా దానికి వివరణ.

చదును రోడ్డు మీద ముందువాడి వెనక నక్కి గాలి తప్పించుకోవచ్చు కాబట్టి గట్టివాడూ నెమ్మదివాడూ కలిసి పోతారు. 8 శాతం ఎక్కుడులో, అంటే వంద మీటర్లకు 8 మీటర్లు పైకి లేచే రోడ్డు మీద, స్పీడు గంటకు 8, 9 కిలోమీటర్లకు పడిపోయాక వెనక నక్కితే ఒరిగేది దాదాపు ఏమీ లేదు. అక్కడ బరువు, బలం రెండే లెక్క. గట్టివాళ్లు నెమ్మదిగా వెళ్తే వాళ్లకు కాళ్లు లాగేస్తాయి, నెమ్మదివాళ్లు వాళ్లను అందుకోబోతే మూడో కిలోమీటరుకే చేతులెత్తేస్తారు. అందుకని పొద్దున విడిపోయి మధ్యాహ్నం కలిసేలా ప్లాన్ వేయాలి. ఒకే చోటికి పొడుగు దారి, పొట్టి దారి రెండూ ఉన్న ప్రాంతం చూసుకోవాలి. ఈ లెక్కన మీకు బూర్ డ్వాసాన్ సరిగ్గా సరిపోతుంది. ఊరు సుమారు 720 మీటర్ల ఎత్తులో ఉంటుంది. లియాన్ ఎయిర్‌పోర్టు నుంచి కారులో రెండు గంటల దూరం.

దిగిన మర్నాడు ఎవరినీ పెద్ద కొండ ఎక్కనివ్వకండి. కోల్ డోర్నాన్ (కోల్ అంటే కనుమ) ఊరి పక్కనే ఉంది, ఎత్తు 1,400 మీటర్లలోపే. బైకులు సరిగ్గా బిగించారో లేదో అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత ఆల్ప్ డ్యూయెజ్. 13.8 కిలోమీటర్లు, సగటున 8 శాతం, 21 మలుపులు. మలుపులకు కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ తగ్గుతూ నంబర్లుంటాయి. ప్రతి మలుపు దగ్గరా అక్కడ గెలిచినవాళ్ల పేర్లతో బోర్డు. టూర్ ఇక్కడికి మొదట వచ్చింది 1952లో, గెలిచింది ఇటలీ రైడర్ ఫౌస్తో కోపీ, అందుకే 21వ మలుపు దగ్గర ఆయన పేరుంటుంది. కొత్తవాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: ఈ కొండలో కష్టమైన భాగం మొదట్లోనే వస్తుంది. తొలి రెండు కిలోమీటర్లు 10 శాతం దరిదాపుల్లో ఉంటాయి. ఆ ఉత్సాహంలో అక్కడ తొక్కేస్తే తర్వాతి గంటంతా నరకం. మలుపుల దగ్గర రోడ్డు కాస్త చదునవుతుంది, ఊపిరి తీసుకోవడానికి అదే చోటు. గట్టివాళ్లిద్దరూ పైకి చేరాక వెనక్కి తిరగకుండా కోల్ ద సారెన్ మీదుగా చుట్టు తిరిగి రావచ్చు. 2013లో టూర్ కూడా ఆ దారిన దిగింది. రోడ్డు ఇరుకు, గరుకు కాబట్టి దూకుడు పనికిరాదు.

ఇక మార్మోట్ సంగతి. ఆ రేసులో గ్లాండాన్, టెలిగ్రాఫ్, గలిబియే అనే కనుమలు ఎక్కి దిగాక చివర ఆల్ప్ డ్యూయెజ్ కూడా ఎక్కిస్తారు. మొత్తం సుమారు 175 కిలోమీటర్లు, 5,000 మీటర్ల ఎక్కుడు. మీవాళ్లను ఆ చివరి కొండ మాత్రం వదిలేయమనండి, ఎలాగూ ముందే ఎక్కి ఉంటారు. వాళ్లు తెల్లవారగానే బయల్దేరి గ్లాండాన్ దాటి అవతలి లోయలోకి దిగి, సెయింట్ మిషెల్ దగ్గర టెలిగ్రాఫ్ ఎక్కి, వల్వార్ ఊరి మీదుగా ఉత్తరం వైపు నుంచి గలిబియే ఎక్కుతారు. మీ ముగ్గురూ బూర్ డ్వాసాన్ నుంచి లొతారే కనుమ మీదుగా దక్షిణం వైపు నుంచి రండి. కొత్తవాళ్లు, 58 ఏళ్ల ఆయన వ్యాన్‌లో లొతారే దాకా వచ్చి అక్కణ్ణుంచి తొక్కొచ్చు. లొతారే 2,058 మీటర్లు, గలిబియే 2,642. మిగిలేది ఎనిమిదిన్నర కిలోమీటర్లే. మూడు జట్లూ ఎక్కేది ఒకే శిఖరం, ఫొటోలో ఎనిమిది మందీ ఉంటారు.

ఒక్క షరతు. ముందు చేరినవాళ్లు పైన నిలబడి ఎదురుచూడకూడదు. ఎత్తు పెరిగే ప్రతి 1,000 మీటర్లకూ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఊళ్లో 25 ఉంటే గలిబియే మీద 12, 13. దానికి తోడు గాలి, చెమటతో తడిసిన జెర్సీ. ఫొటో అయిపోగానే లొతారే దిగి కూర్చోండి. వ్యాన్‌లో ఎవరి పేరు రాసిన సంచి వాళ్లకు ఉండాలి: గాలి ఆపే జాకెట్, నిండు గ్లవ్స్, పొడి బనియన్. ఇంకోటి, ఊరి నుంచి లొతారే వెళ్లే దారిలో సొరంగాలున్నాయి. పట్టపగలైనా ముందు, వెనక లైట్లు లేనివాణ్ణి బయల్దేరనివ్వకండి.

గాలివాటం:

పై మాటలతో నాకు పేచీ లేదు, కానీ ఊరు మారుతూ వెళ్లే ట్రిప్పును మరీ అంత తేలిగ్గా కొట్టేయొద్దు. సరస్సు దగ్గర మొదలుపెట్టి రోజుకో కనుమ దాటుకుంటూ సముద్రం దాకా పోవడంలో ఉన్న మజా, రోజూ ఒకే హోటల్‌కి తిరిగి రావడంలో ఉండదు. లోయ మారితే ఇళ్ల కప్పులు మారతాయి, చెట్లు మారతాయి, దక్షిణానికి వెళ్లేకొద్దీ ఎండ రంగే వేరు.

కాకపోతే అందరి స్పీడూ ఇంచుమించు ఒకటే అయితేనే అది కుదురుతుంది. ఒకరికి మోకాలు పట్టేసినా సాయంత్రానికి అందరూ తర్వాతి హోటల్‌కి చేరక తప్పదు. విశ్రాంతి రోజు తీసుకుందామన్నా దారి ఉండదు. వారంలో 700 కిలోమీటర్లంటే రోజుకు వంద, అదీ కొండల్లో. మీ ఎనిమిది మందికి ఈసారి వద్దు. ఆ ఆలోచన ఇచ్చినాయన్ను, గట్టివాళ్లిద్దరినీ కలిపి ఇంకో ఏడాది పంపండి.

స్పానర్:

బైకుల గురించి చెప్తాను.

వారం రోజులకే అయితే, సైజు ముందే ఖాయం చేసి ఇస్తామంటే, అద్దెకు తీసుకోవడమే సుఖం. సొంత పెడళ్లు, సీటు ఎత్తు కొలత పట్టుకెళ్లండి. ఎనిమిది బైకు పెట్టెలు, ఎనిమిది మంది మనుషులు ఒకే వ్యాన్‌లో పట్టరన్న సంగతి చాలామందికి ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డాకే తడుతుంది.

సొంత బైకే కావాలనేవాళ్లు వెనక డిరైలర్ (గేరు మార్చే పరికరం) విప్పి, బబుల్ షీటులో చుట్టి, చెయిన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము కడ్డీల) మధ్య కట్టేయండి. పెట్టె మీద బరువు పడితే మొదట వంగేది డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరే. అది ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, కొండ ఊళ్లో మీ మోడల్‌ది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. మీ ఫ్రేముకు సరిపడే హ్యాంగర్ ఇంకోటి ముందే కొని సంచిలో వేసుకోండి. ఎడమ పెడల్ మర రివర్సు, విప్పేటప్పుడు గుర్తుంచుకోండి. డిస్క్ బ్రేకులైతే చక్రాలు తీశాక ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి, లేదంటే లివర్ పొరపాటున నొక్కుకుపోయి పిస్టన్లు బయటికొస్తాయి. ఎలక్ట్రానిక్ గేర్ల స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంకులు మీతోపాటు క్యాబిన్‌లోకే. టైర్లలో గాలి నింపే సీఓటూ కాట్రిడ్జిల విషయంలో విమానయాన సంస్థను ముందే అడగండి, లేదా గొడవ లేకుండా మినీ పంపు పట్టుకెళ్లండి.

బయల్దేరే ముందు బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేయించండి, "ఇంకో నెల వస్తాయిలే" అన్నవాటితో పోవద్దు. గలిబియే మీంచి దిగుడు మీ చదును రోడ్ల ఏడాది వాడకమంత బ్రేకు తింటుంది.

చెయిన్‌లూబు:

అందరికీ థాంక్స్. గలిబియేకి మూడు దారుల్లో రమ్మన్న ఐడియా మా గ్రూపులో పెట్టగానే అరగంటలో గొడవ సద్దుమణిగింది.

ఇంకో రెండు సందేహాలు. మావాడొకడి బైకుకు ముందు రెండు పళ్ల చక్రాలు 52, 36 పళ్లవి (52/36), వెనక ఉన్నవాటిలో పెద్దది 28 పళ్లది. "కాళ్లలో బలం ఉంటే గేరుతో పనేంటి" అంటాడు, మార్చనంటాడు. ఎలా ఒప్పించాలి? రెండోది, చదును నేల మీద ఉండి కొండకు ఎలా తయారవ్వాలి?

ఇరవయ్యొకటో మలుపు:

మీవాడికి లెక్క చూపించండి. రోడ్ బైకు చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. ముందు 36, వెనక 28 గేరులో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు 9.7 కిలోమీటర్లు. మనిషి, బైకు కలిపి 85 కిలోలైతే 8 శాతం ఎక్కుడులో దానికి దాదాపు 195 వాట్లు కావాలి. అదే 34కి 34 అయితే గంటకు 7.5, దాదాపు 150 వాట్లు. ఈ తేడా ఒక్క నిమిషానిది కాదు, ఆల్ప్ డ్యూయెజ్ మీద గంటన్నరది. 195 వాట్లు అంతసేపు లాగలేకపోతే తిప్పడం 45కి పడిపోతుంది, ఇక ప్రతి తొక్కూ మెట్లెక్కుతున్నట్టే, మోకాళ్లకు శిక్ష. ఈ లెక్క చూశాక కూడా వినకపోతే వదిలేయండి, ఐదో కిలోమీటరు దగ్గర కొండే చెప్తుంది. కొత్తవాళ్లిద్దరి బైకులు మాత్రం తప్పకుండా మార్పించండి, అది మీ బాధ్యత. వెనక 34 వేయాలంటే కొన్ని బైకులకు పొడుగు కేజ్ ఉన్న డిరైలర్ కూడా కావాలి. షాపులో అడిగి ఇప్పుడే తేల్చుకోండి, ఆగస్టులో కాదు.

చదును నేల మీద సాధనలో లేనిది ఎత్తు కాదు, ఆగకుండా తొక్కడం. మనం గంట తొక్కితే అందులో పది నిమిషాలు పెడల్ ఆపి జారుతూనే ఉంటాం. కొండలో ఆపితే బైకు నిలబడిపోతుంది. కాబట్టి ఎదురుగాలి ఉన్న రోజు చూసుకుని, లేదా ఇంట్లో ట్రైనర్ మీద, 20 నిమిషాలు ఏకధాటిగా తొక్కండి. మాట్లాడాలంటే ముక్కలు ముక్కలుగా మాత్రమే మాట్లాడగలిగినంత కష్టం చాలు. దాన్ని నెమ్మదిగా 40కి, తర్వాత గంటకు పెంచండి. పెద్ద ఎక్కుడు రోజుల్లో గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు తినడం కూడా ఇక్కడే అలవాటు చేసుకోవాలి. కడుపుకీ ప్రాక్టీసు కావాలి.

2,000 మీటర్లు దాటాక అందరికీ బలం కొంత తగ్గుతుంది. గలిబియే మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ముప్పావు వంతు కూడా ఉండదు. పవర్ మీటర్ నంబరు పడిపోయిందని కంగారుపడొద్దు.

మీరు ఎవరూ అడగలేదు కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది దిగుడు. ఎక్కుడులో అలిసిపోతారు, అంతే. దెబ్బలు తగిలేది దిగేటప్పుడు. ఎడమవైపు నడిపే అలవాటున్నవాళ్లకు అలసటలో మలుపు తిరగ్గానే చెయ్యి దానంతటదే తప్పు వైపుకు లాగుతుంది, ఫ్రాన్స్‌లో నడపాల్సింది కుడివైపు. బ్రేకు మలుపుకు ముందే గట్టిగా వేసి, మలుపులో వదిలేయాలి. దారిపొడవునా సన్నగా నొక్కుతూ దిగితే రిమ్ములైనా డిస్కులైనా వేడెక్కిపోతాయి. దిగుడులోనూ ఎవరి స్పీడు వాళ్లదే. కలుసుకునే కూడలి ముందే చెప్పుకోండి, కొత్తవాళ్ల వెనక ఒక అనుభవజ్ఞుడు రావాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం అక్కడ చట్టప్రకారం నేరం. అత్యవసర నంబరు 112, అందరి ఫోన్లలోనూ ఉండాలి.

గాలివాటం:

కాగితాల పని కూడా ఇప్పుడే పెట్టుకోండి. షెంగెన్ వీసా అవసరమైనవాళ్లు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. అయితే వీసాకు సరిపోయే పాలసీ కొండకు సరిపోవాలని లేదు. రోడ్ సైక్లింగ్, కొండ మీంచి రెస్క్యూ రెండూ అందులో ఉన్నాయో లేదో చదివి సంతకం పెట్టండి.

డబ్బు విషయం కూడా: "వస్తాను" అన్నవాళ్లను లెక్కలోకి తీసుకోకండి, అడ్వాన్సు కట్టినవాళ్లనే తీసుకోండి. ఎనిమిదికి గదులు మాట్లాడాక ఆరుగురు మిగిలితే ఆ ఇద్దరి వాటా మీ మీదే పడుతుంది.

చెయిన్‌లూబు:

అడ్వాన్సు ఐదుగురు కట్టారు. 52/36 వాడు కట్టాడు, కానీ గేరు ఇంకా మార్చలేదు. 58 ఏళ్ల ఆయన మాత్రం వ్యాన్ వద్దు, బూర్ డ్వాసాన్ నుంచే తొక్కుతానంటున్నారు. ఆపాలా?

ఇరవయ్యొకటో మలుపు:

డాక్టరుకు ఒకసారి చూపించుకోమనండి, డాక్టరు సరేనంటే ఆపకండి. మీకంటే రెండు గంటల ముందు బయల్దేరమనండి. లొతారే దగ్గర జాకెట్‌తో వ్యాన్ ఉంటే చాలు.